పీణ్యలో మేం కురిపించిన వాన

రెండేళ్ళ కిందట బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. మిద్దెల మీద వానను కొలిచే డబ్బాలు పెట్టి, ఏ పేటలో ఎంత పడుతోందో అప్పటికప్పుడు ఫోన్లో మ్యాప్ మీద చూపించడం మా పని. ఆ లెక్కలన్నీ వచ్చి చేరే క్లౌడ్ సర్వర్ ఎంతది కావాలో తేల్చమని నాకు అప్పగించారు. ఎక్కడో ఉన్న పెద్ద యంత్రంలో మనకు కావలసినంత వాటా అద్దెకు తీసుకోవడమన్నమాట. ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ అని ఎంచుకుంటే చాలు.

మార్చి నెలంతా గమనించాను. సర్వర్ కునుకు తీస్తున్నట్టే ఉంది. అన్నిటికన్నా చిన్నది చాలని రాసేసి, లోలోపల మురిసిపోయాను.

డబ్బాలు చేసిచ్చేది ఫ్యాక్టరీలుండే పీణ్యలో ఒక లేత్ షెడ్డు. యజమాని యాభై దాటిన మనిషి, తాతల నాటి నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. రెండో విడత నలభై డబ్బాలు చూడ్డానికి వెళ్ళి, నా లెక్క ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన ఒక డబ్బా మూత తీసి లోపలి చిన్న దోనె చూపించాడు. అది నిండగానే ఒరుగుతుంది. ఒరిగిన ప్రతిసారీ సర్వర్‌కు ఒక కబురు పోతుంది.

"ఎండాకాలం కదమ్మా, ఇది సుమ్నే, ఊరికే కూర్చోనుండాది," అన్నాడు. "వాన వస్తే అన్నీ ఒకేసారి ఒరగతాయి. నువ్వు నిద్రపోయేవాణ్ణి చూసి వాడి తిండి లెక్కగట్టినావు."

సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వాన వచ్చేదాకా ఆగలేను కదా అంటే, మనమే కురిపిద్దాం అన్నాడాయన.

శనివారం పొద్దున నలభై డబ్బాలూ షెడ్డు ముందు వరసగా పెట్టారు. ఒక్కోదానికి అది వెళ్ళబోయే పేట మ్యాప్‌లో ముందే రాసిపెట్టి ఉంది, యలహంక నుంచి బొమ్మనహళ్ళి దాకా. లేత్ దగ్గర పనిచేసేవాళ్ళు, ప్యాకింగ్ ఆడవాళ్ళు, అందరూ చెంబులూ మగ్గులూ పట్టుకున్నారు. నీళ్ళకు కటకటగా ఉన్న రోజులు గనక కింద టబ్బులు పెట్టి, అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోశాం. నేను స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పోయండి పోయండి అని అరుస్తున్నాను. మ్యాప్‌లో బెంగళూరంతా వాన రంగు పడి నీలమైపోయింది.

మా బాసు ఫోన్ చేశారు. తాను బొమ్మనహళ్ళిలోనే ఉన్నాననీ, ఎండ మాడ్చేస్తోందనీ, మ్యాప్‌లో ఈ కుండపోత ఏమిటనీ అడిగారు. నేను జవాబు చెప్పేలోపే సర్వర్ పడిపోయింది. మ్యాప్ బిగుసుకుపోయింది. అసలు వాన రాకముందే లోపం దొరికిందని నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. ఏదో గెలిచామనుకుని అందరూ కొట్టారు. పడిపోయిందని చెప్పాక ఇంకా గట్టిగా కొట్టారు.

ప్రాసెసర్లు పెంచాలేమో అనుకున్నాను గానీ, గ్రాఫ్ చూస్తే అవి సగం ఖాళీగానే ఉన్నాయి. నిండిపోయింది మెమరీ. ప్రతి కబురుకూ మ్యాప్ కొత్తగా గీయాలి, గీయాల్సినవన్నీ అక్కడ పేరుకుపోయాయి. ప్రాసెసర్లు అన్నే ఉంచి, మెమరీ రెట్టింపున్నది ఎంచుకున్నాను. సర్వర్ మళ్ళీ లేచాక మళ్ళీ పోశాం. చేతులు లాగేదాకా పోశాం. నిలబడింది. ఎవరో మిగిలిన చెంబెడు నీళ్ళూ నా నెత్తిన పోశారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అసలు వాన వచ్చింది. యలహంకలో ఆఫీసు మెట్ల మీద నిలబడి ఫోన్లో చూస్తున్నాను. పేట తర్వాత పేట నీలమవుతోంది, మెమరీలో ఇంకా చోటుంది. ఆగలేక పీణ్యకు ఫోన్ చేసి, సర్వర్ నిలబడింది అన్నా, అని చెప్పాను.

"సంతోషమమ్మా," అన్నాడు. "మా షెడ్డే కారతా ఉండాది. బకెట్లు సర్దుకోని మాట్లాడతా."

అంత వాన చప్పుడులోనూ ఆయన నవ్వు వినిపించింది. నేను నవ్వు ఆపుకోలేక తడిమెట్ల మీదే కూలబడ్డాను.