ఫొటో దిగిన గుమ్మడికాయ

నిరుడు నెల్లిమర్లలో మా వీధి బోరు చెడిపోతే, దాన్ని బాగుచేయించడానికి మా చర్చి కోత పండుగలో వేలంపాట పెట్టారు. పెరట్లో పండింది తెచ్చివ్వాలి, పాట పాడి కొనుక్కోవాలి. మా అత్త గుమ్మడికాయ ఇచ్చింది.

మా ఆయనకు పని ఇచ్చే కాంట్రాక్టరు దాని పాటను ఎవరికీ అందనంత పైకి తీసుకుపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కాయను చంటిబిడ్డలా ఎత్తుకుని, అటు తిరిగీ ఇటు తిరిగీ ఫొటోలు దిగాడు. పాస్టరుగారు పళ్లెం చాపితే మాత్రం, "రేపు పంపిస్తాన్లెండి" అన్నాడు. అంతకుముందు ఏడాది కోడిపెట్టను పాడినప్పుడూ ఇదే మాట చెప్పాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

మా అత్త లేచి వెళ్లి, కొంగుముడి విప్పి ఉన్నదంతా పళ్లెంలో వేసింది.

"ఫొటోలు అయిపోనాయి కదా బాబూ, కాయ ఇటిచ్చీ" అంది.

మా ఆయన పని పోయినట్టేననుకున్నాను. కాంట్రాక్టరు నవ్వబోయి, నవ్వురాక, కాయ ఇచ్చేశాడు.

పని పోలేదు. బోరు బాగైంది. దాని పక్కనే కాంట్రాక్టరు ఫ్లెక్సీ కట్టించుకున్నాడు, 'దాత' అని, చేతుల్లో గుమ్మడికాయతో. నీళ్లు పట్టుకుంటూ రోజూ చూస్తాను. ఆ కాయను మేం ఆ ఆదివారమే పులుసు పెట్టుకుని తిన్నాం.