విండిషెషెన్‌బాఖ్‌లో ఒక్క మార్కు బీరు

ఈ ప్రయాణానికి కారణం ఒక ముక్కు. అది మా లావణ్య వదినది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మెటీరియల్స్ సైన్సు చదువుకునే తెలుగు పిల్లలమంతా ఆ ముక్కుకి భయపడుతూ బతికినవాళ్ళమే. మేమింకా మెట్లెక్కుతుండగానే ఎవరు డ్యోనర్ కబాబ్ తినొచ్చారో, ఎవరు జాకెట్ ఉతికి నెలయిందో పైనుంచి చెప్పేసేది. అలాంటి మనిషికి కిందటి చలికాలం జ్వరం వచ్చి తగ్గింది గాని, దాంతో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. లవంగం, నిమ్మ, గులాబీ, యూకలిప్టస్ పొద్దునా సాయంత్రం మూచూస్తూ ఉండమన్నాడు డాక్టరు. మెదడుకి మళ్ళీ అక్షరాభ్యాసం అన్నమాట. వదిన శ్రద్ధగానే చదివింది. తను పెట్టిన చారు వేడినీళ్ళలా ఉంటోందని ఒకరోజు మామూలుగా చెప్పి, ఆ తర్వాత చారు పెట్టడం మానేసింది.

ఆమె భర్త మహేష్ అన్న సొంతూరు కరీంనగర్. డ్రెస్డెన్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఏ సమస్యకైనా పరిష్కారాన్ని పెద్ద గిన్నెలో వండాలని నమ్మే మనిషి. లవంగానిది ఒకటే వాసన, బీరులో అయితే మాల్టు, హాప్స్, ఈస్టు కలిసి వంద వాసనలుంటాయని లెక్కతేల్చి ఇంట్లోనే బీరు కాయడం మొదలుపెట్టాడు. వంటింట్లో గిన్నె, బాత్రూంలో బకెట్. ఆదివారాలు రుచి పరీక్ష. న్యాయమూర్తులం ముగ్గురం, మార్కులు పదికి. వదిన నాలుకకి తెలిసిన చేదు, తీపి, నురగ చూసి ప్రతిసారీ ఎనిమిది వేసేది. నాకు ఆ బీరులో ఏదో తేడా కొడుతూనే ఉండేది, కానీ నా ఆదివారం భోజనం అక్కడే కాబట్టి న్యాయస్థానం ఏడుకి తగ్గేది కాదు.

ఈ వసంతంలో వదిన తేల్చిచెప్పింది. గట్టి వాసనలుండే ఒక్క చోటికి తీసుకెళ్ళండి, ఆ తర్వాత ఈ వాసనల చదువు మానేస్తానంది. ఎందుకని అడిగితే గిన్నెలు కడుగుతూనే జవాబిచ్చింది. "రోజూ లేవడం, ఇవాళ కూడా లేదని తెలుసుకోవడం. దానికోసమే లేస్తున్నట్టుందిరా సందీపూ."

ఆ ఒక్క చోటు ఎక్కడో ఎంచే బాధ్యత నా మీద పడింది. బవేరియాలో, చెక్ సరిహద్దుకి దగ్గరగా విండిషెషెన్‌బాఖ్ అనే చిన్న ఊరుంది. అక్కడ బీరుని త్సోయిగ్ల్ అంటారు. ఊరికంతటికీ కలిపి ఒకే వంటశాల, కట్టెల పొయ్యి మీద ఒకే పెద్ద కాగు. కాచిన తియ్యటి రసాన్ని కుటుంబాలు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళి, తమ నేలమాళిగలో ఈస్టు వేసి పులియబెట్టుకుంటాయి. బీరు తయారైన ఇంటివాళ్ళు గుమ్మం మీద ఆరు కొనల చెక్క నక్షత్రం వేలాడదీసి, తమ ఇంట్లోనే బల్లలు వేసి ఊరందరికీ పోస్తారు. వెళ్ళదలచుకున్నవాళ్ళు ఆ వారం ఎవరి వంతో ఇంటర్నెట్‌లో ముందే చూసుకోండి. లేదంటే తాళాలు వేసిన తలుపుల్ని ఫొటోలు తీసుకుని రావాల్సి వస్తుంది.

శనివారం పొద్దున ఎనిమిది దాటాక ఫ్రైబర్గ్‌లో హోఫ్ వెళ్ళే ప్రాంతీయ రైలు ఎక్కాం. ముగ్గురి దగ్గరా దేశమంతా చెల్లే నెల టికెట్ ఉంది కాబట్టి విడిగా ఏమీ కొనలేదు. దాదాపు రెండు గంటల్లో హోఫ్. అక్కడ రైలు మారి అడవుల మధ్య నుంచి ఇంకో గంటకి పైగా ప్రయాణం. అన్న ఒళ్ళో సంచి, సంచిలో తువ్వాలు చుట్టిన రెండు సీసాలు, తను కొత్తగా కాచిన సరుకు. అసలైన బీరు పక్కన పెట్టి పోల్చి చూడాలట. బీరు ఊరికి బీరు తీసుకెళ్ళేవాడిని మొదటిసారి చూస్తున్నానని వదిన అంది. "కోనసీమకి కొబ్బరికాయలు మోసినట్టుందండీ మీ యవ్వారం." సైన్సుల గిట్లనే ఉంటదని అన్న గంభీరంగా చెప్పి తువ్వాలు సర్దుకున్నాడు.

మధ్యాహ్నానికి ఊళ్ళో దిగాం. మా అదృష్టంకొద్దీ వంటశాలలో ఆ రోజే కాగు మరుగుతోంది. పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్న మనిషి లోపలికి రమ్మన్నాడు. గది నిండా ఆవిరి. నాకైతే కొత్త రొట్టె, ఎండుగడ్డి, కాస్త తేనె కలిసినట్టు వచ్చింది. వదిన కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. అన్న ఆమె మొహం వైపు తప్ప కాగు వైపు చూడలేదు. ఆమె కళ్ళు తెరిచి, ముక్కు తుడుచుకుని, వెచ్చగా బావుందంది. అంతే. తర్వాత నక్షత్రమున్న మొదటి ఇంట్లో అరలీటరు చొప్పున తాగాం. ఒక్కోటి మూడు యూరోల లోపే. నేను ఎనిమిది, అన్న ఎనిమిదిన్నర. వదిన మార్కులు వేయనంది.

రెండో ఇల్లు హెల్గా అనే ఆవిడది. డెబ్బై ఏళ్ళుండొచ్చు, తలుపు దగ్గరే చేయి పట్టుకుని బల్ల చూపించింది. ఇక్కడ ఎవరి బల్ల వారికుండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. మాకు యోసెఫ్ పక్కన చోటు దొరికింది. ఒకప్పుడు లారీ నడిపేవాడట, ఇప్పుడు గ్లాసు తప్ప ఏమీ నడపడం లేదని తనే పరిచయం చేసుకున్నాడు. మాంసం తినని వదినకి రొట్టె, మెత్తటి జున్ను ముద్ద, ముల్లంగి ముక్కలు వచ్చాయి. తిన్నాక అన్న నన్ను మోచేత్తో పొడిచాడు. మన సీసా తెరవొచ్చా అని అడగమని. పెళ్ళివారింటికి సొంత పులిహోర పొట్లం తెచ్చుకుని, విప్పుకోవచ్చా అని ఆడపెళ్ళివారిని అడిగినట్టుంటుందది. అయినా అడిగాను. హెల్గా నవ్వి, చిన్న గ్లాసులు తెచ్చి, తనూ కూర్చుంది.

అన్న పోశాడు. వదిన గ్లాసు ఎత్తింది, పెదాల దాకా రాకముందే దించేసింది.

"ఏంటండీ ఇది? క్యాబేజీ ఉడకబెట్టి మర్చిపోయినట్టుంది."

అన్న చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "ఏమన్నవ్?"

"క్యాబేజీ. అదీ నిన్నటిది."

నేను గ్లాసు మూచూశాను. ఇన్నాళ్ళూ పేరు పెట్టలేకపోయిన ఆ తేడా అదే, పాచిపోయిన క్యాబేజీ. యోసెఫ్‌కి అనువదిస్తే ఆయనా ముక్కు పెట్టి, కోర్టులో సాక్షిలా తల ఊపాడు. కానీ అన్న సంతోషపడలేదు, భయపడ్డాడు. ముక్కు అన్నిట్లోనూ లేని కంపుని కల్పించుకోవడం కూడా ఉంటుందని డాక్టరు చెప్పాడట. సంగతి హెల్గాకి చెప్పాను. ఆవిడ మారుమాట్లాడకుండా వదిన కళ్ళకి చేతిరుమాలు కట్టి, మూడు గ్లాసులు వరసగా పెట్టింది. రెండింట్లో తన బీరు, ఒకదాంట్లో మాది. మొదటి గ్లాసు దగ్గర వదిన తల అడ్డంగా ఊపింది. రెండో దాని దగ్గర ఆగింది. మళ్ళీ పీల్చింది. అదీ కాదంది. మూడోదాన్ని ముక్కు దాకా కూడా రానివ్వలేదు, చేత్తో పక్కకి నెట్టేసింది.

అన్న ఏడ్చాడు. పెద్దగా కాదు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. హెల్గా వచ్చి అతని వీపు నిమిరింది. కాసేపటికి తువ్వాలులోంచే అడిగాడు, ఎన్ని మార్కులని.

"ఒకటి," అంది వదిన, రుమాలు విప్పుకుంటూ. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. "అదీ సీసా బావుందని."

ఆ తర్వాత రొట్టె, జున్ను, నా జాకెట్, అన్నీ మూచూసింది. ఏదీ అందలేదు. హెల్గా బీరూ అందలేదు. దొరికింది ఆ ఒక్క వాసనే. అయినా లవంగం సీసాలు పారేయొద్దని తనే చెప్పింది. సాయంత్రం రైల్లో మిగిలిన సీసా మూత తీయించి, స్టేషను వచ్చినప్పుడల్లా ఒకసారి పీల్చి, ఇంకా ఉంది అంటూ మాకు బులెటిన్ చదివింది. పక్క సీట్లవాళ్ళు లేచి వేరే పెట్టెలోకి వెళ్ళారు. అన్న మాత్రం తప్పెక్కడ జరిగిందో ఆలోచిస్తున్నాడు. హోఫ్ దాటాక పట్టేశాడు. ఒకసారి పోపు వాసనకి కింది ఫ్లోరు ఫ్రావు, అదే ఆ కింద ఉండే జర్మన్ ఆవిడ, వచ్చి తలుపు కొట్టిందని, అప్పట్నుంచి గిన్నె మీద మూత పెట్టే కాస్తున్నాడు. ఆవిరితో పోవాల్సిన కంపంతా మళ్ళీ బీరులోకే దిగేది.

"ఈసారి మూత తీసి కాస్త, సూడు," అన్నాడు.

"వద్దు," అంది వదిన, సీసా మూత బిగిస్తూ. "నాకు చారు వాసన తెలిసేదాకా మూత పెట్టే కాయండి."

ఇలాంటి వ్యాసాల్లో ఏ బీరుకి ఎన్ని మార్కులో చివర్న రాస్తారు. నేను రాయను. ఆ రోజు మేం తాగినవన్నీ మంచి బీర్లే, వాటిలో ఏదీ మా వదినని పలకరించలేదు. పలకరించింది మాత్రం, కింది ఫ్లోరు ఫ్రావుకి భయపడుతూ, భార్య కోసం ఒకాయన వంటింట్లో చెడగొట్టిన బీరు. అన్న ఇప్పుడు శనివారాలు శ్రద్ధగా చెత్త బీరు కాస్తున్నాడు. వదిన అది చెత్తగానే ఉందని ఆదివారం ఖాయం చేస్తుంది. ఆ తీర్పు వినడానికి అతను పెందరాళే లేస్తున్నాడు.

వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. త్సోయిగ్ల్ ఇళ్ళలో కార్డు నడుస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి, చిల్లరతో నగదు పట్టుకెళ్ళండి.