పక్కన ఇంకో కంచం

పదిహేనేళ్ల మా సుజాత లావైపోతానన్న భయంతో నాలుగు నెలలుగా అన్నం సరిగ్గా తినడం లేదు. "తిట్టొద్దు, బతిమాలొద్దు. కంచం ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోండి, లేవనివ్వకండి" అంది పంజాగుట్ట డాక్టరమ్మ. రోజూ కూర్చుంటున్నాను, దాని నోటికేసి చూస్తూ.

ఈ రోజు మధ్యాహ్నం పక్కింటి రజియా ఆపా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"జర నువ్వు సుత తిను చెల్లే. పోలీసోని లెక్క కూసుంటే పిల్లకు ముద్దెట్ల దిగుతది?"

"అందరు తిన్నంక తింట ఆపా" అన్నాను.

ఆమె వింటేగా! మా వంటింట్లోకి వెళ్లి తనే నాకు వడ్డించుకొచ్చింది. తీరా చూస్తే ముద్ద దిగనిది నాకు. ఈ దిగులులో నేను కడుపునిండా తిన్నదెప్పుడో గుర్తే రాలేదు.

రేడియోలో వార్తలు అయిపోయాయి, పాటలూ అయిపోయాయి. సుజాత పప్పన్నం ముగించింది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తుందనుకుంటే కదల్లేదు. నా కంచంలో సగం అలాగే ఉంది.

"నువ్వు తినేదాంక నేను లేవనమ్మా" అంది.

డాక్టరమ్మ పెట్టిన రూలు నాకే చుట్టుకుంది. బుద్ధిగా తిన్నాను. నిజం చెప్పండి, మీ ఇంట్లో అమ్మకు ఎవరైనా వడ్డించి ఎన్నాళ్లయింది?