పరుగులో నిచ్చెన చెప్పిన జోకు

మిల్లు వాలీబాల్ జట్టులో అందరికంటే పొడగరి కాబట్టి ఆవిడని నిచ్చెన అనేవారు. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో! వల దగ్గర చేతులెత్తిందంటే అవతలివాళ్ల బంతికి గోడ అడ్డొచ్చినట్టే. నోరు మాత్రం చేతులకంటే పొడుగు. తోడికోడలు అదే జట్టులో బంతి అందించేది. ఇంట్లో గరిటె దగ్గర పేచీ పడ్డా, కోర్టులో ఇద్దరిదీ ఒకే ప్రాణం.

జట్టులో ఉన్నన్నాళ్లే నిచ్చెనకి పగటి షిఫ్టు. బయటికొస్తే మళ్లీ రాత్రి షిఫ్టే, పిల్లలు పడుకునే వేళకి గడప దాటడమే.

జట్టుకి ఆట నేర్పిన పాత మాస్టారు ఒకరోజు ఊపిరాడకుండా పరిగెత్తిస్తే, మర్నాడు కబుర్లాడుకుంటూ మెల్లగా పరిగెత్తనిచ్చేవాడు. కొత్త మాస్టారికి ఆ మెల్లగా అన్నదే గిట్టదు. పరుగు మధ్యలో ఒక్కొక్కరినీ పలకరిస్తాడు. మాట తేలిగ్గా వచ్చిందా, ఇంకా సత్తువ మిగిలుందని వేగం పెంచుతాడు. రాలేదా, బెంచీ మీద కూర్చోబెడతాడు. మొదట్లో ఫలితం బాగానే కనిపించింది. చివరి సెట్లో కూడా కాళ్లు బరువెక్కలేదు. మాస్టారి మంత్రం పారిందన్నారంతా.

అది ఎదురుతిరిగిన సంగతి ముందు నిచ్చెనకే తెలిసింది. పొద్దున మంచం దిగకముందే గుండె దడదడలాడేది. పడుకున్న మనిషికి పరుగేమిటి చెప్పండి? వలకి పైన కనిపించే మణికట్లు ఇప్పుడు దాని అంచు దగ్గరే ఆగిపోతున్నాయి. మధ్యలో జ్వరమొచ్చి తగ్గింది కానీ నీరసం తగ్గలేదు. అయినా మాస్టారికి చెప్పలేదు, చెప్తే బెంచీ, ఆ పైన రాత్రి షిఫ్టే.

పైగా ఒక ఉపాయం పన్నింది. ఒక్క ఊపిరిలో అయిపోయే జోకులు గిన్నెలు తోముతూ వల్లెవేసుకునేది. మాస్టారు పలకరించగానే ఒకటి విసిరేది. అందరూ గొల్లుమనేవారు. ఆ నవ్వుల చాటున తను రొప్పేది. నిచ్చెనకే నవ్వులాటగా ఉంటే మీకేం వచ్చిందని మాస్టారు అందరికీ వేగం పెంచేవాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని నిచ్చెనకీ తెలుసు.

తోడికోడలు ఒకసారి పట్టేసింది.

"అక్కా, జోకు చెప్పేటప్పుడు నీ పెదాలు నల్లబడుతున్నాయి. మాస్టారికి చెప్పనా?"

"చెప్పు. నువ్వు మాడ్చి పెరట్లో దాచిన గిన్నె సంగతి అత్తయ్యకి నేనూ చెప్తా."

నవ్వేసి ఊరుకుంది పిచ్చిది.

పోటీలకి జట్టుని ఎంచే రోజు రానే వచ్చింది. మబ్బు పట్టి, గాలి బిగుసుకుపోయింది. మైదానం చుట్టూ పరుగు. మాస్టారు ముందు పరిగెడుతూ, వెనక్కి తిరక్కుండానే పలకరించాడు.

"ఏమ్మా నిచ్చెనా, ఇవాళేంటి విశేషం?"

"ఒకాయన డాక్టరు దగ్గరికెళ్లి, అయ్యా, నాకు..."

అంతే. మిగతాది నాలుక మీదే ఉంది, దాన్ని తోయడానికి ఊపిరి లేదు. పక్కనున్న ప్రహరీ గోడ పట్టుకుంది. గోడ జారిపోతున్నట్టనిపించింది.

ముందువాళ్లు అలవాటుగా నవ్వేశారు, ఆగిపోవడమే జోకనుకుని. మాస్టారూ నవ్వాడు. ఇంకా వేగమని ఈల ఊదాడు. నవ్వులూ అడుగుల చప్పుడూ కలిసి దూరమైపోతున్నాయి.

తోడికోడలొక్కతే వెనక్కి తిరిగింది.

"అక్కా," అంది, "తర్వాతేమైంది?"

నిచ్చెన మోకాళ్ల మీద కూలబడి ఉంది. నోరు తెరిచే ఉంది.