కడిగిన పెంకులు

"...అంటే, నువ్వు పుట్టకముందు నుంచీ ఈ బీరువా తాళాలు నా దగ్గరున్నాయి. నాకే పాఠం చెబుతున్నావా?"

"చెప్పేది నేను కాదు బాబాయ్, ఈ నోటుపుస్తకం."

చరిత్ర సంఘం వెనకగదిలో ఇద్దరికీ పేచీ. ఆయన అక్కడ అటెండరు. అందరూ తాళాలాయన అంటారు. ఆమె ఆయన అన్న కూతురు, జాబితా రాయడానికి కొత్తగా చేరింది.

ఆయన చేరిన ఏడాదే ఎవరో పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడని గది శుభ్రం చేయమన్నారు. తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు మట్టితోనే గుడ్డమూటల్లో ఉండేవి. ఏ చోట, ఎంత లోతున దొరికాయో మూటకొక చీటీ. తాళాలాయన మూటలన్నీ విప్పి, పెంకుల్ని సబ్బునీళ్ళతో తోమి డాబా మీద ఆరబెట్టాడు. గుడ్డలూ చీటీలూ చెత్తలో పారేశాడు. పెద్దమనిషి భుజం తట్టి మెచ్చుకున్నాడు. తవ్వినాయన మాత్రం వచ్చి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఎవరడిగినా తాళాలాయన జ్ఞాపకం మీద చెప్పేవాడు. ఇది ఏటి ఒడ్డుది, అది దిబ్బ మీదది. ముప్పై ఏళ్ళుగా పెంకుల పక్కన పెట్టే అట్టల మీద అదే రాశారు. ఆ అట్టలు చూసి వ్యాసాలు రాసినవాళ్ళూ ఉన్నారు.

నిన్న పాత కాగితాల కట్టలో తవ్వినాయన నోటుపుస్తకం దొరికింది. అందులో పదకొండు పెంకుల బొమ్మలూ, అవి దొరికిన చోట్లూ ఉన్నాయి. ఆమె ఒక్కో బొమ్మ పక్కన ఒక్కో పెంకు పెట్టింది. ఆయన చెప్పినవాటిలో తొమ్మిది తప్పు.

"రెండు కలిశాయిగా," అన్నాడు.

"కళ్ళు మూసుకుని చెప్పినా రెండు తగులుతాయి బాబాయ్." అనేసి నాలిక కరుచుకుంది. గొంతు తగ్గించింది. "మిగతా మూడొందల చిల్లరకీ బొమ్మల్లేవు. నువ్వు చెప్పినట్టే ఉంచేద్దాం. జాబితా మొదటి పేజీలో నీ పేరు వేస్తున్నారు, పిన్ని ఊరంతా చెప్పుకుంది. ఎవరికి తెలుస్తుంది?"

తాళాలాయన ట్రేలోంచి ఒక పెంకు తీశాడు. నిన్నటిదాకా ఏటి ఒడ్డుదని ఒట్టేసి చెప్పేవాడు. తిప్పి చూశాడు. అంచు మీద గోరుతో గీకాడు. గోటికి మట్టేమీ అంటలేదు. ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

కార్యదర్శి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏంటి తాళాలాయనా, ఇంకా తెమల్లేదా? జాబితా అచ్చేసే ప్రెస్సతను వచ్చి కూర్చున్నాడు."

"పదకొండు తప్ప మిగతావన్నీ ఎక్కడ దొరికాయో తెలియదని వేయించండి సార్," అన్నాడు తాళాలాయన. "చీటీలు పారేసింది నేనేనని కూడా."