గీత దాటిన పాదం

ఎక్కాలంటే జీడితోటల్లోకి పారిపోయే పిల్లలచేత జీడిపిక్కలతోనే ఎక్కాలు చెప్పించడం ఢిల్లేశ్వరరావు మేస్టారి తొలి విజయం; దానికాయనకు రెండేళ్లు పట్టింది. ఆ తరువాత నౌపడ ఉప్పుమడుల నుంచి ఉప్పునీళ్లు తెచ్చి బడి అరుగు మీదే ఉప్పు పండించారు. ఊరిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీద పిల్లలచేత నాటకం ఆడించి సగం ఊరిని రక్తపరీక్షకు కదిలించారు. సుద్దముక్క చెవిలో దోపుకుని, పిల్లల మధ్య నేల మీదే కూర్చుని ఆయన పాఠం చెబుతుంటే, మధ్యాహ్న భోజనం వండే గౌరమ్మ కిటికీలోంచి రోజూ చూసేది.

కొలతల పాఠానికి ఆయన జూన్‌లో పిల్లల పాదాల చుట్టూ గచ్చు మీద రంగుతో గీయించి, దీపావళి వెళ్లాక మళ్లీ కొలిపిస్తారు. పెద్దవాళ్ల పాదం పెరగదని చూపడానికి తన పాదమూ గీయిస్తారు. ఈసారి అది గీత దాటింది.

“మేస్టారు పెరిగిపోనారర్రోయ్!” పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనా నవ్వారు. గౌరమ్మ మాత్రం కిటికీ వదిలి లోపలికొచ్చింది. కిడ్నీలు పాడై చనిపోయిన ఆమె మొగుడికీ ముందు పాదాలే వాచాయి.

“ఏటి బాబూ, ఎన్నాళ్ల నుంచి ఈ వాపు?”

“ఎండలో తిరిగేను గదా, గౌరమ్మా.”

“మా ఆయనా ఇదే సెప్పినాడు. ఊరందరి సేతా రగతం ఇప్పించినారు. మీరిచ్చినారా?”

 మేస్టారు ఇవ్వలేదు.

మర్నాడు ఆయన విశాఖ ఆసుపత్రికి వెళ్లారు. ఇంతవరకూ కబురు లేదు. ఫోను మోగితే గౌరమ్మ గరిటె వదిలి పరుగెడుతోంది. మేస్టారెప్పుడొస్తారని పిల్లలు అడిగినప్పుడల్లా, ఆయన వస్తానని చెప్పి వెళ్లిన రోజే గట్టిగా చెబుతోంది: డిసెంబరు పది, బుధవారం.