వీరన్న వాకిట్లో ‘చూద్దాం’ లేదు

నిన్న మా ప్రహరీగోడకు ఎవరో ట్యూషన్ సెంటరు పోస్టరు అంటించి పోయారు. నేను చూసేసరికి మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళంతా అలసట కమ్మింది. నాకు ఎన్నికలంటే ఆ వాసనే. బకెట్లకొద్దీ మైదా ఉడికించి, నాచారం నుంచి బోడుప్పల్ దాకా దొరికిన గోడకల్లా వీరన్న ముఖం అంటించిన రోజులవి. ఇప్పుడు ఆ పేరు చెబితే ఈ వీధిలో సగంమంది ఎవరాయన అంటారు.

వీరన్న ఎనభైల్లో మా ఎమ్మెల్యే. అంతకుముందు నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశాడు, అక్కడే యూనియన్ నాయకుడయ్యాడు. మొదటిసారి స్వతంత్రుడిగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాడు. రెండోసారి పార్టీ టికెట్ మీద గెలిచాడు. మా ఆయన ప్రభాకర్‌ది కూడా అదే ఫ్యాక్టరీ. ఆ పరిచయంతోనే, పదో తరగతి చదివిన నన్ను వీరన్న ఉప్పల్‌లోని తన ఇంటికి వచ్చేపోయేవాళ్ళను చూసుకునే పనిలో పెట్టుకున్నాడు. “ఆదివారం చర్చిల ప్రార్థన అయినంకనే రా చెల్లె, దేవునితోని నాకు పంచాయితీ వద్దు,” అనేవాడు.

చేరిన కొత్తలో నారపల్లి నుంచి ఒక పెద్దాయన కొడుకు ఉద్యోగం కోసం వచ్చాడు. అది అయ్యే పని కాదని నాకూ తెలుసు. ముఖం మీద చెప్పలేక, “చూద్దాం పెద్దయ్యా,” అని పంపేశాను. లోపలి నుంచి విన్న వీరన్న బయటికి వచ్చి నా మీద మండిపడ్డాడు.

“సూద్దామంటే ఆయన రేపు మళ్ల పని ఇడిసిపెట్టి వస్తడు. ఎల్లుండి ఇంకొకల్ని తోల్కొని వస్తడు. మనం మంచోళ్లమనిపించుకునెతందుకు ఆయన్ని తిప్పుతమా? అయితదంటే అయితదను, కాదంటే కాదను. నా వాకిట్ల ‘సూద్దాం’ అనేది లేదు.”

నన్ను పరుగెత్తించి, ఆ పెద్దాయనను రోడ్డు మీది నుంచి వెనక్కి పిలిపించాడు. ఎదురుగా నిలబడి, “కాదు కాకా,” అని తనే చెప్పాడు. పెద్దాయన శాపనార్థాలు పెడుతూ పోయాడు. ఎమ్మెల్యే అన్నవాడు ఇలా ఉంటే ఎన్నాళ్ళు నిలుస్తాడని ఆ రోజే నాకు భయమేసింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా?

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడే ఫ్యాక్టరీకి తాళం పడింది. మా ఇంట్లో జీతం ఆగింది. ప్రభాకర్ రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, మూసిన గేటు ముందు కూర్చుని వచ్చేవాడు. వీరన్న యజమాని దగ్గరికి వెళ్ళి, మిషన్ల అమ్మకానికి బేరం కుదిరిందని తెలుసుకుని వచ్చాడు. పార్టీవాళ్ళు ఆయన్ను చుట్టుముట్టారు.

“ఓట్లయిందాక జర ఊకోరాదే అన్నా! తెరిపిస్తమంటే నీ సొమ్మేం పోతది?”

“నా సొమ్ము కాదు, వాళ్ల దినాలు పోతయి,” అన్నాడు వీరన్న.

మర్నాడు గేటు ముందు జనం మధ్య నిలబడి మైకు తీసుకున్నాడు. “అన్నలారా, ఈ గేటు ఇగ తెరవరు. మీకు రావాల్సిన పైసల కోసం నేను కొట్లాడుత. పని మాత్రం ఏరే జాగల సూసుకోండ్రి,” అన్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు.

ఆ రాత్రి ప్రభాకర్ అన్నం ముట్టలేదు. “తెరిపిస్తనని ఒక్క మాటంటే ఏమైతుండె మీ అన్నకు?” అన్నాడు.

“అని తెరిపియ్యకపోతే?”

“అప్పటిదాంక నిద్రన్న పడుతుండె.”

నేను ఆయన కంచం మీద మూత పెట్టాను. ఎదుటి అభ్యర్థి గేటు తెరిపిస్తానని వీధి వీధినా చెప్పి గెలిచాడు. మా ఆయన కూడా అతనికే వేశాడు. నాతో దాచలేదు, నేనూ పోట్లాడలేదు. గేటు తెరవలేదు. రెండేళ్ళు ఎదురుచూసి ప్రభాకర్ చర్లపల్లిలో వాచ్‌మన్‌గా చేరాడు. వీరన్న ఒక్కనాడు కూడా నేను చెప్పలేదా అనలేదు. కార్మికుల బకాయిల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి సగమే రాబట్టగలిగాడు, చెప్పులు మాత్రం అరిగాయి.

తొంభైల్లో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. వీరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ పార్టీ ఆఫీసుకు పోయేవాడు. ఆయన ఇంటి వరండాలో బల్లలు ఖాళీగా పడి ఉండేవి. నేను జీతం లేకపోయినా అలవాటు కొద్దీ వెళ్ళి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఆయన ఆటో దిగి, చిన్నపిల్లాడిలా వెలిగిపోతూ లోపలికి వచ్చాడు.

“చెల్లె, పార్టీ పెద్దాయనను కలిసిన. టికెట్ సంగతి సూద్దామన్నడు!”

ఆ మాట అర్థం ఈ భూమ్మీద అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా ఆ ముఖం నిండా ఆశే. ‘అవునన్నా, వస్తది’ అనాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. కాని అలా అంటే ఇంకో పదిరోజులు ఆయన ఆ మెట్లెక్కుతాడు, దిగుతాడు, ఆ గుమాస్తాలకు దండాలు పెడతాడు.

“రాదన్నా,” అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. “నీకేం ఎరుక?” అని అరిచాడు. ఇంట్లోకి పోయి మళ్ళీ బయటికొచ్చి, ఇన్నేళ్ళూ పనుల కోసం వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద నెమ్మదిగా కూలబడ్డాడు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

“చెల్లె, నేను కాదని చెప్పినప్పుడల్ల వాళ్లకు గిట్లనే ఉండెనా?”

“ఉండెనన్నా.”

ఆయన తలూపాడు. మర్నాటి నుంచి పార్టీ ఆఫీసుకు పోలేదు.

వీరన్న పోయి చాలా ఏళ్ళయింది. పింఛనుకనో, పిల్లల సీటుకనో మా వీధివాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. కాని పనిని కాదనే చెబుతాను. చెప్పి లేచిపోను. వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా పక్కనే కూర్చుంటాను.